రెండో శాంపిల్

జీపు మా వాకిట్లో ఆగగానే మిర్చి కొనేవాళ్ళు వచ్చారనుకుంది మా అత్తగారు వెంకటరావమ్మ. వాకిలి పక్కనే కళ్ళంలో కాయ ఎండి వారమైంది. మా ఆయన బేరం కోసం గుంటూరు యార్డు చుట్టూ తిరుగుతున్నాడు. జీపు దిగినాయన "శాంపిల్ కోసం వచ్చామమ్మా" అనేసరికి ఇక ఆవిడ ఆగలేదు. తాలు కాయ ఒక్కటి లేకుండా ఏరి, దోసెడు ఎర్రటి కాయలు తెచ్చి ఆయన ముక్కు కింద పెట్టింది.

"విరిచి చూడండి బాబూ, ఘాటు మీకే తెలుస్తుంది."

ఆయన వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి కళ్ళు తుడుచుకున్నాడు. "నేను డాక్టర్నమ్మా, రామకాంత్ నా పేరు. శాంపిల్ మీ మనవడిది."

"వాడిదేంటి?"

"దొడ్డికి వెళ్తాడు కదా, అది. బొటనవేలంత చాలు. ఇవాళొకటి, రేపొకటి."

అత్తయ్య చేతిలో కాయల్నీ ఆయన ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "దానికి జీపేసుకొచ్చారా నాయనా!"

నాకు నవ్వు రాలేదు. మా చైతన్యకృష్ణకు మూడేళ్ళు. ఆరు రోజులుగా వాడి కుడికాలు తడిగుడ్డలా వేలాడుతోంది. నిలబెడితే కూలబడుతున్నాడు. పోలియోనేమోనని అంగన్‌వాడీ టీచరు పైకి కబురు పంపితే ఈయన వచ్చాడు. ఆ పురుగు ఉంటే దొడ్డికెళ్ళినదాంట్లోనే దొరుకుతుందట. పోలియో చుక్కలు ప్రతిసారీ వేయించాను. చుక్కలవాళ్ళు తలుపు మీద సుద్దముక్కతో రాసిన గుర్తులు ఇంకా అలాగే ఉన్నాయి. అయినా రాత్రిళ్ళు లేచి వాడి కాలు గిల్లి చూస్తున్నాను.

డాక్టరు అన్నీ అడిగి రాసుకున్నాడు. "ఈమధ్య జ్వరం వచ్చిందా?"

"వచ్చిందండీ."

"సూది వేయించారా?"

"లేదండీ," అన్నాను. అది అబద్ధం.

మావాడికి మొదటి రోజు ఏ బెట్టూ లేదు. డాక్టరు దాన్ని డబ్బాలో మూతపెట్టి, ఐసు నింపిన పెట్టెలో ఉంచి, రేపు రెండోది కూడా తీసుకెళ్తానని పెట్టె మాకే అప్పగించాడు. మార్చి ఎండకు మధ్యాహ్నానికల్లా ఐసు నీళ్ళయింది. ఊళ్ళో ఫ్రిజ్ ఉన్నది సోడాకొట్టు సిలార్ దగ్గరే. పెట్టె పట్టుకుని పరుగెత్తాను.

"ఏంటక్కా, బాదంపాలా?"

"కాదు. మావాడిది." విషయం చెప్పాను.

సిలార్ ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడ్డాడు. "అక్కా! ఇందులో గోళీసోడాలున్నాయి. రేపు ఊళ్ళో ఎవడైనా సోడా తాగుతాడా?"

"మూడు సంచుల్లో చుట్టి పెట్టు తమ్ముడూ. మావాడి కాలు దాంట్లో ఉంది."

ఆ మాటకు తప్పుకున్నాడు. సోడాలన్నీ తీసి బయట బకెట్లో పెట్టుకుని, మావాడికి ఫ్రిజ్ ఖాళీ చేసిచ్చాడు.

రెండో రోజు మాత్రం మావాడు బిగదీసుకుని కూర్చున్నాడు. అరటిపళ్ళు పెట్టాం, వేణ్ణీళ్ళు తాగించాం. డాక్టరు మంచం మీద, పెట్టె ఆయన పక్కన, పక్కింటివాళ్ళు గోడమీద. అంతమంది ఎదురుచూస్తుంటే ఎవడికి మాత్రం వస్తుంది?

"మచ్చు చూపించకుండా బేరమాడతాడు, అచ్చం వాళ్ళ నాన్నే!" అని విసుక్కుంది అత్తయ్య.

ఇంతలో గోడమీద ఒకావిడ "పోలియో అంట, పిల్లల్ని ఇటు రానీకండి" అంది.

"ఒక్క పిల్లాడి కాలికి ఇంత హడావుడి దేనికండీ?" అన్నాను డాక్టరుతో.

"ఈ భూమ్మీద ఏ మూల పిల్లాడి కాలు మెత్తబడినా చూసి తీరాలమ్మా. ఒక్కటి వదిలేశామంటే ఆ పురుగు బస్సెక్కుతుంది, విమానమెక్కుతుంది. పోలియో కాకపోతే ఏమిటన్నదీ తేలాలి. నిజం చెబితేనే మాకు దారి."

ఇక దాచలేకపోయాను.

"సూది వేయించానండీ. ఆర్ఎంపీ శేషాచలం గారి దగ్గర. ఆయన మాత్రలు చాలన్నాడు. నేనే వినలేదు, సూది వేసేదాకా కదలనన్నాను. వెయ్యగానే వాడు గిలగిల్లాడాడు. రెండో రోజుకి కాలు ఇలాగైంది. ఎనిమిదో తరగతితో ఆపేసినదాన్ని, సూది వేస్తేనే వైద్యమనుకున్నాను."

"ఏ వైపు?"

"కుడి పిర్ర."

అత్తయ్య కళ్ళంలోంచి ఊరవతలికి వినిపించేలా అరిచింది. "సూదా! నాకు చెప్పకుండానా! దున్నపోతులకేసినట్టు బిడ్డకి సూదేయించావా?"

ఆ కేకకి మావాడు జడిసి, నేను నిలబెట్టి పట్టుకుని ఉండగానే, నా చీర మీద రెండో శాంపిల్ ఇచ్చేశాడు.

"కదలొద్దమ్మా!" అంటూ డాక్టరు డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. గోడమీదవాళ్ళు పడీపడీ నవ్వారు.

సూది నరానికి తగిలి ఉండొచ్చన్నాడు డాక్టరు. అయినా శాంపిల్ మద్రాసు ల్యాబుకి వెళ్ళాల్సిందేనట. రోజూ కాలు ఎలా ఆడించాలో నేర్పి, అరవయ్యో రోజు మళ్ళీ వస్తానన్నాడు. మా ఇంట్లో ఎవరూ మద్రాసు చూడలేదు. మావాడి సరుకు మాత్రం ఐసు పెట్టెలో చల్లగా వెళ్ళింది.

నెల దాటాక కబురొచ్చింది, పోలియో కాదని. మరి కాలు? అది ఏ కాగితమూ చెప్పలేదు. రోజుకు నాలుగుసార్లు ఆడించాను. కాస్త నిలబడుతున్నాడు, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. చెయ్యి వదిలితే మాత్రం ఏడుపే.

అరవయ్యో రోజు జీపు ఆగింది. డాక్టరు దిగాడు, చేతిలో అదే పెట్టె. ఇంకో ఊరికి వెళ్తూ వచ్చాడట. మావాడు గోడ పక్కన నిలబడి పెట్టె వంక చూశాడు. గోడ వదిలేశాడు. "నాకు రావట్లేదు!" అని అరుస్తూ, కళ్ళం మీదుగా, ఆరబోసిన ఆఖరి కోత కాయలు తొక్కుకుంటూ సిలార్ కొట్టుదాకా పరుగు!

డాక్టరు వాడి వెనకే చూస్తూ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను.

"కాయలు, కాయలు!" అని అరుస్తోంది అత్తయ్య.