పెంకుముక్క దొరకువఱకు

హేమంతప్రభాతమున సముద్రముమీదినుండి వీచు చలిగాలి పాత విమానాశ్రయపు బీటలువారిన రన్‌వేపై ఎండుగడ్డిని కదల్చుచుండ మంచుతెరలను దాటివచ్చిన లేయెండలో అర్ధశతాబ్దము క్రిందట సేవ చాలించిన యుద్ధవిమానమొకటి చక్రములకు అడ్డుదిమ్మలు బిగింపబడి నిలిచియుండెను. అది యిక నెగురదు. ఏటికొక్కమారు నేలపైననే దాని యింజను నడిపి త్రాళ్లకావలనున్న జనులకు గర్జన వినిపింతురు.

బంగార్రాజు ఆ కార్యమునకు పెద్ద. నలువదేండ్లు విమానముల నూడదీసి బిగించిన యా వృద్ధయాంత్రికుడు ఇంజను నడుపుటకు ముందు పనిముట్ల పలక జూచుట నియమము. ప్రతి పనిముట్టునకును దాని యాకారము పలకపై గీయబడియుండును. ఒక్క గీత ఖాళీగానున్నను ఇంజను ముట్టరాదు. నేడు పలక నిండుగానే యున్నది. అయినను బంగార్రాజు గుండె కుదుటబడదాయెను. నేటి యుదయపు పూజవేళ ముందుచక్రము కడ కొబ్బరికాయ కొట్టినవాడు తానే. ఏరిన పెంకులను కూర్చిచూడగా బొటనవ్రేలంత వెలితి కనబడెను. అయ్యో, ఎంత పని చేసికొంటినని యాతడు కుమిలెను. ఆ ముక్కను విమానపు ముక్కుననున్న గాలిద్వారము పీల్చుకొన్నచో ఇంజను లోపల తిరుగు రెక్కలు తునాతునకలగును. పైన చోదకస్థానమున కూర్చున్న రుక్మాంగదరావు ప్రాణమునకే ముప్పు.

రుక్మాంగదరావు ఒకనాడా విమానమునే నడిపిన వైమానికుడు. గుండెజబ్బుతో నున్న యాతనికి వైద్యులు ఈ యొక్కమారే సెలవిచ్చిరి. తొమ్మిది దాటినచో గర్జనకు అనుమతి చెల్లదు. అప్పటికే ఎనిమిదిముప్పావు.

"ఏటి బంగార్రాజూ, ఇంకా ఏటి వెతుకుతున్నావు? జనం ఈలలేస్తన్నారు. పెంకుముక్కకి ఇంత రాద్ధాంతమా?" అని రుక్మాంగదరావు పైనుండి కేకవైచెను.

"తప్పు నాదే సార్. అది దొరికేదాకా ఇంజను ముట్టకండి. మీ కాళ్లట్టుకుంటాను."

బంగార్రాజు మోకాళ్లపై ప్రాకుచు ప్రతి బీటను తడిమెను. ముక్క లేదు. ఇక గాలిద్వారములోనే చూడవలె నని నిచ్చెన యెక్కెను. లోనికి దూరుటకు ముందు బూట్లు విడువవలెను. వేళ మించిపోవుచున్నదే, బూట్లతోనే దూరుదునా యని క్షణకాలము తలపోసెను. కాని నలువదేండ్ల యలవాటు ఊరకుండునా? చేతులు వాటంతటవే త్రాళ్లు విప్పెను.

ఎడమబూటు అడుగున, గాడిలో, తెల్లని కొబ్బరి యంటియున్న పెంకుముక్క ఇరుకుకొని యుండెను.

ఇంతసేపును దానిని తానే మోసికొని తిరిగినాడు! మఱియొక్క అడుగు వైచియున్నచో దానిని లోపల విడిచివచ్చెడివాడే. బంగార్రాజు ముక్కను పైకెత్తి చూపెను. రుక్మాంగదరావు పైనుండి వంగి చూచెను.

"నీ కడుపు చల్లగుండ, బంగార్రాజూ," అనెను.

అయినను వట్టికాళ్లతో లోనికి దూరి వెదకి వచ్చినపిదపనే బంగార్రాజు ఇంజను నడుపుమని చేయెత్తెను. తొమ్మిదికి రెండు నిమిషములున్నప్పుడు విమానము గర్జించెను. బంగార్రాజు నలుగురిలో నిలిచి వెక్కివెక్కి యేడ్చెను.

నాటినుండి కొబ్బరికాయ త్రాళ్లకావలనే కొట్టుదురు. పనిముట్ల పలకపై పానాల నడుమ బొటనవ్రేలంత క్రొత్త గీత యొకటి వెలసినది. అందులో మేకునకు వ్రేలాడు ఆ యెండిన పెంకుముక్కను ముట్టిచూచిన పిమ్మటనే బంగార్రాజు తక్కినవాటిని లెక్కించును.