కాఫీ వేళ తీర్మానం

మునిరత్నమ్మ కాఫీ గ్లాసుల పళ్లెంతో గదిలోకి వచ్చేసరికి అంతా అయిపోయింది. అధ్యక్షుడు రెడ్డెప్ప వకీలు కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకుంటున్నాడు. ఆయన కళ్లజోడు తుడిచాడంటే ఆ సంగతి ఇక ఎవరూ ఎత్తకూడదని అర్థం.

"గది సంగతి ఏమైందన్నా?" అంది గ్లాసు అందిస్తూ.

"అయిపాయెనమ్మా. బయటూర్ల నుంచి వచ్చే మన పాత విద్యార్థులు దిగేదానికి ఒక మంచం వేసి అట్లే పెడతాం. ఏకగ్రీవంగా తీర్మానం చేసినాం."

"ఏకగ్రీవంగానా? నేను లేనే!"

"యాడికి పోయినావు? ఆ గోడకవతల స్టవ్వు ముందరే కదా ఉండావు. ఇనపళ్లా?"

అందరూ నవ్వారు. గోవిందస్వామి మరీ గట్టిగా నవ్వాడు. కుప్పంలో ఆయనకు చింతపండు మండీ ఉంది. అంత దూరం నుంచి బస్సులో పడి వచ్చేదే నవ్వి పోవడానికన్నట్టు ఉంటాడు. "చక్కెర మాత్రం సరిగ్గా ఏసింది అమ్మణ్ణి. అదీ ముఖ్యం" అన్నాడు.

మునిరత్నమ్మ కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో తెలియదు. బస్సెక్కాక ఆ నవ్వు గుర్తొచ్చి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

అది మదనపల్లెలో ఆమె ఒక ఏడాది చదివిన కాలేజీ. పాత విద్యార్థులు సంఘంగా ఏర్పడి, కాలేజీ ఆఫీసు పక్కన తమకోసం ఒక గది కట్టుకున్నారు. గది వెనక కొళాయి, గడియ పడే తలుపుతో మరుగుదొడ్డి. సభ జరిగే ఆదివారం తప్ప ఆ గదికి ఎప్పుడూ తాళమే. మిగతా రోజుల్లో ఆ తాళం ఆడపిల్లల కోసం తీయమని మునిరత్నమ్మ అడిగింది. అంతే అడిగింది.

కాలేజీలో ఆడపిల్లలకంటూ ఉన్నది లైబ్రరీ వెనక రేకుల చాటు. దానికి తలుపు లేదు. ఎదురుగా మగపిల్లలు సైకిళ్లు పెట్టే చోటు. అందుకని పుంగనూరు నుంచి, సోమల నుంచి బస్సుల్లో వచ్చే ఆడపిల్లలు పొద్దున ఇల్లు వదిలింది మొదలు మళ్లీ ఇల్లు చేరేదాకా నీళ్లు ముట్టరు. మునిరత్నమ్మా ముట్టలేదు. ఇంటరు మొదటి ఏడాది పరీక్షల ముందు ఒంటికి పోతే మంట పుట్టి, చలిజ్వరం వచ్చి, నడుము పట్టేసి మంచాన పడింది. నీళ్లు తాగక వచ్చిందన్నాడు డాక్టరు. చదువుకు పంపిస్తే వచ్చిందన్నాడు నాయన. నాయన మాటే నిలిచింది. ఆ మరుసటి ఏడు పుంగనూరులో కోడలైంది.

ఇప్పుడు అదే కాలేజీలో, అదే క్లాసులో, ఆడబిడ్డ ఆదిలక్ష్మి చదువుతోంది.

తిరుగు బస్సులో ఆమె ఒళ్లో చంటి కూతురు దగ్గుతూ నిద్రపోతోంది. బస్సు కిటికీ అద్దం పైకి రాదు. చీర కొంగు పాప చెవులకు చుట్టి, మునిరత్నమ్మ వెనకటి సభలన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. వార్షికోత్సవానికి ఎవరిని పిలవాలన్నప్పుడు తానెక్కడుంది? స్టవ్వు దగ్గర. గదికి ఏ రంగు వేయాలన్నప్పుడు? పాలు పొంగకుండా చూస్తూ. "అమ్మా, ఇంగ కాఫీ కానీ" అని రెడ్డెప్ప అనేవాడు, ఆమె లేచేది, ఆమె తిరిగి వచ్చేలోపల చేతులెత్తడం అయిపోయేది. కాఫీకి ముందు ఏ తీర్మానమూ కాలేదు. కాఫీ తర్వాత ఏ మాటా మిగల్లేదు. ఏడాదిగా ఇదే జరుగుతుంటే, తన చేతి కాఫీ బాగుందని మురిసిపోయింది తను!

సంఘంలోకి ఆమెను పిలిచిన తీరు కూడా అట్లాంటిదే. ఒక ఆడమనిషి పేరన్నా లేకపోతే బాగుండదని ఎవరో అన్నారట. బీఏ చదివిన ఆడవాళ్లంతా పెళ్లిళ్లయి చిత్తూరుకూ బెంగళూరుకూ వెళ్లిపోయారు. దగ్గర్లో దొరికింది ఈమె. పుంగనూరులో ఎరువుల అంగడి పెట్టిన కార్యదర్శి గంగాధరం, వకీలును వెంటబెట్టుకుని ఇంటికి వచ్చి, ఆమెను కాదు, మామ చెంగయ్యను అడిగాడు. వకీలు తన మంచం మీద కూర్చున్నాడన్న సంబరంలో చెంగయ్య, "పెట్టుకోండి సామీ, పేరే కదా" అన్నాడు.

ఇల్లు చేరేసరికి ఆదిలక్ష్మి దొడ్లో గోడకు ఆనుకుని, పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది.

"మళ్లా మంటా?"

"మెల్లగా వదినా. నాయన ఉండాడు."

మునిరత్నమ్మ బార్లీ కాచి చెంబుతో తెచ్చి ఇచ్చింది. ఆ పిల్ల గటగటా తాగుతుంటే లోపల నుంచి చెంగయ్య గొంతు వినిపించింది. "దాని మొగం ఏంది అట్ల పీక్కపోయింది? ఇంగొకసారి జ్వరమని పడుకుంటే కాలేజీ లేదు గీలేజీ లేదు. చెప్తాండా."

ఆదిలక్ష్మి చెంబు దించి వదిన వైపు చూసింది. ఆ చూపులో అడగడం లేదు, భయం ఒక్కటే ఉంది. మునిరత్నమ్మ చంకలోని పాప వైపు చూసుకుంది. ఈ పిల్ల తర్వాత ఆ కాలేజీకి పోవలసింది ఈ పాపే. అప్పుడు కూడా ఆ గదిలో ఎవరో పెద్దమనిషి మంచం మీద కాలు మీద కాలేసుకుని పడుకునుంటాడు కాబోలు.

మళ్లీ సభ జరిగింది. మునిరత్నమ్మ పాపను ఒళ్లో వేసుకుని కుర్చీలో కూర్చుంది. రెడ్డెప్ప అలవాటుగా, "అమ్మా, ఇంగ కాఫీ కానీ" అన్నాడు. ఆమె లేవలేదు.

"ఏమ్మా, ఇనపళ్లేదా?" అన్నాడు గంగాధరం.

"ఇనపడిందన్నా. ఓటయినాక పోస్తా."

"ఏం ఓటు?"

"గది ఓటు. పోయినసారి నేను స్టవ్వు కాడ ఉంటే అయిపాయె. ఈసారి నా కండ్ల ముందర కానీండి."

గోవిందస్వామి తొడ చరిచాడు. "కుప్పం నుంచి గొంతెండి వచ్చినా అమ్మణ్ణీ! కాఫీని కూడా కోర్టుకెక్కిస్తివే!"

"నీకు గొంతెండితే నోరు తెరిచి అడుగుతాండావన్నా. ఆ పిల్లోళ్లు అడగల్యారు. తాగితే యాడికి పోవాల? నువ్వు బస్సు దిగుతానే ఆ ప్రహరీ చాటుకు పోయొచ్చినావు. నేను సూసినా. మా ఆదిలక్ష్మి పోగలదా అట్ల?"

గోవిందస్వామి నవ్వు మొహం మీదే ఆగిపోయింది. రెడ్డెప్ప బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

"ఛీ ఛీ! ఏం మాటలమ్మా ఇవి? చదువుకున్నోళ్లు కూర్చున్న సభ ఇది."

"అసలు మాట చెప్పాల్నంటే," అన్నాడు గంగాధరం గొంతు తగ్గించి, దయ చూపిస్తున్నట్టు, "నువ్వు పూర్తిగా పాత విద్యార్థివి కూడా కాదమ్మా. పరీక్షే రాయలా. ఏదో ఆడమనిషివని గౌరవంగా పెట్టుకున్నాం."

మునిరత్నమ్మ పాపను గట్టిగా పట్టుకుంది.

"యాల రాయలేదో ఎప్పుడన్నా అడిగితిరా? నీళ్లు తాగక మంచాన పడి రాయలా. మీరు ఈడ చదివి వకీళ్లయితిరి, అంగళ్లు పెడితిరి. నేను ఈడ చదివి రోగం ఎత్తుకపోతిని. ఈ కాలేజీ ఏమిచ్చిందో మీకంటే నాకే బాగా తెలుసు. నాకంటే పూర్తిగా ఎవురుండారు ఈడ పాత విద్యార్థి?"

ఆ అరుపుకు పాప లేచి దగ్గుతూ ఏడవసాగింది. రెడ్డెప్ప కళ్లజోడు తీయబోయి, మళ్లీ పెట్టుకున్నాడు.

"సరే. నీ ముచ్చటెందుకు కాదనాల? గది అతిథులకే అనేవాళ్లు చేతులెత్తండి."

అన్ని చేతులూ లేచాయి. గోవిందస్వామి చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది గానీ, లేచింది. ఆడపిల్లలకు అన్నప్పుడు ఒక్క చెయ్యి లేచింది. ఎదురుగా కూర్చుంటే తన మొహం చూసైనా ఇద్దరు ముగ్గురు సిగ్గుపడతారనుకుంది. ఎవరూ సిగ్గుపడలేదు. ఇదీ మేలే అనుకుంది. ఇన్నాళ్లూ గోడకవతల ఓడిపోయింది, ఇప్పుడు వీళ్ల మొహాలు చూస్తూ ఓడిపోయింది.

"అయితే ఒక్క మాటన్నా," అంది లేచి. "గది సంఘానిదే కదా?"

"సంఘానిదే. ఇంగెవురిది?"

"సంఘంలో నేనుండానా, లేదా?"

రెడ్డెప్ప తేలికపడి నవ్వాడు. "భలేదానివే. నువ్వు లేకపోతే ఎట్ల? మా మహిళా సభ్యురాలివి నువ్వే కదా!"

"ఆ మాట చాలు" అని పాపను చంకనేసుకుని బయటికి నడిచింది. ఆ రోజు వాళ్లకు కాఫీ లేదు.

సోమవారం పొద్దున ఆదిలక్ష్మితో పాటు మునిరత్నమ్మ కూడా బస్సెక్కింది. చెంగయ్య అడిగితే, "సంఘం పని మామా" అంది. వకీలుగారి పనంటే ఆయన మారు మాట్లాడలేదు. కాలేజీ కాపలాదారు అంజినప్ప, కాఫీ కోసం ఆమెకు ఎప్పుడూ ఇచ్చినట్టే తాళంచెవి ఇచ్చాడు. ఆమె గది ఊడ్చి, కొత్త కడవలో నీళ్లు నింపి, పాపను గోడవారగా వేసిన కొత్త మంచం మీద పడుకోబెట్టి, గుమ్మంలో కూర్చుంది. మొదటి రోజు ఇద్దరే వచ్చారు, అదీ భయం భయంగా. ఆ తర్వాత గంట కొడితే చాలు, గది నిండింది. మంచం కింద టిఫిను క్యారియర్లు చేరాయి. రోజూ పాపను దుమ్ములో తిప్పుతున్నానే, దగ్గు ముదిరితే ఏం చేయాలన్న దిగులు ఆమెను వదల్లేదు. అయినా మరుసటి రోజు మళ్లీ బస్సెక్కింది.

వారం తిరగకుండానే రెడ్డెప్ప వచ్చాడు. వెంట చేతిసంచితో గోవిందస్వామి. మదనపల్లె సంతలో పని ఉండి, గదిలో దిగడానికి వచ్చిన మొదటి అతిథి ఆయనే. మంచం మీద పాప, కడవ చుట్టూ నీళ్లు, దండెం మీద తడి తువ్వాళ్లు చూసి ఇద్దరూ లోపల కొయ్యబారారు.

"ఎవురు తియ్యమన్నారు ఈ గది?" అన్నాడు రెడ్డెప్ప.

"సంఘం సభ్యురాలు సంఘం గదిలో కూర్చుంటే ఎవురి సెలవు కావాల?"

"నిన్ను తీసేస్తాం. తెలుసునా?"

"తీసెయ్యండి. సభ పెట్టండి, అందర్నీ పిలవండి. ఆడపిల్లోళ్లను ఒంటికి పోనిచ్చినందుకు దీన్ని తీసేస్తాండామని మీ నోటితో మీరే చెప్పండి. ఆ మాటే చెప్పాల, ఇంగొక మాట కాదు. చెప్పగలరా? ఆ పొద్దు నేను ఆ మాటంటే ఛీ ఛీ అంటిరే!"

"అమ్మణ్ణీ, నేను రెండు పొద్దులే ఉండేది..." అని గోవిందస్వామి నసిగాడు.

"ఉండన్నా. ఆ రేకుల చాటు ఉండాది, తలుపు లేదంతే. సైకిళ్ల కాడ పిల్లోళ్లు సూస్తే సూస్తారు. నీకేం?"

రెడ్డెప్ప మొహం ఎర్రబడింది. నోరు తెరవబోయేంతలో గంట మోగింది. లంగా ఓణీల గుంపు పరుగున వచ్చి, లోపల మగవాళ్లను చూసి గుమ్మం బయటే ఆగిపోయింది. ఎవరూ తలెత్తలేదు, ఎవరూ వెనక్కి పోలేదు. వెనక వచ్చినవాళ్లు ముందువాళ్లను నెడుతున్నారు. మునిరత్నమ్మ గుమ్మంలో నిలబడి వకీలు మొహంలోకే చూస్తూ ఉంది.

ముందు వరసలో ఉన్న ఆదిలక్ష్మి గొంతు సవరించుకుంది. ఆ పిల్ల ఇంట్లో నాయన ముందు పెదవి విప్పదు.

"రవ్వంత బయటికి రాండన్నా," అంది. "మాకు తొందర."

రెడ్డెప్ప తల వంచుకుని పిల్లల మధ్య దారి చేసుకుంటూ బయటికి వచ్చాడు. ఆయన వెనకే గోవిందస్వామి. కంగారులో చేతిసంచి మంచం కోడు దగ్గరే వదిలేశాడు. మునిరత్నమ్మ ఆ సంచి తెచ్చి గడప అవతల పెట్టి, పిల్లలందరినీ లోపలికి రానిచ్చి, తలుపు మూసింది.