ఎడమ స్పీకరులో ఎవరు

“ఎడమ పక్క వాయిస్తున్నది మా తమ్ముడు కదూ,” అంది భార్య, ఉతికిన దుప్పటి మడతపెడుతూ.

సోఫాలో కాళ్ళు బారచాపి, తన గిటారుకు తానే తలూపుకుంటున్న పిడుగు కళ్ళు తెరిచాడు. హాల్లో రెండు మూలలా రెండు స్పీకర్లు. ఎడమ మూలలో వినిపించేది తను, కుడి మూలలో వినిపించేది ఆవిడ తమ్ముడు. కుర్రతనంలో చేసిన మొదటి రికార్డు నుంచీ అంతే. ఇంట్లో మంచం ఏ గోడకైనా జరుగుతుంది గాని ఆ పక్కలు మాత్రం మారవు.

“ఎడమ పక్క నేను,” అన్నాడు.

“మీరెందుకవుతారు? వాడే.”

పిడుగుకు నవ్వొచ్చింది. దుప్పట్ల ధ్యాసలో ఉంది పాపం, అనుకున్నాడు. స్పీకర్ల వైర్లు ఎవరైనా అటూ ఇటూ మార్చారేమోనని అనుమానం కూడా వచ్చింది. అలమారు వెనక దూరి, మోకాళ్ళు పటపటమంటుంటే, ఎడమ స్పీకరు వైరును వేలితో పట్టుకుని పాట వస్తున్న డబ్బా దాకా వెళ్ళాడు. దుమ్ము తప్ప తప్పేమీ కనబడలేదు.

“వైర్లు సరిగ్గానే ఉన్నాయి,” అన్నాడు, కేసు గెలిచినవాడిలా.

“ఉంటే ఉన్నాయి. వాయించేది మాత్రం మా తమ్ముడే,” అని ఆవిడ ఇంకో దుప్పటి అందుకుంది.

పిడుగు అనేది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు, రాక్ గిటారు వినే జనం పెట్టింది. గిటారు మెడ మీద అతని వేళ్ళు పరుగందుకుంటే జనం నోరు తెరుచుకుని చూసేవారు. బావమరిదికి అదే జనం ఊయల అని పేరు పెట్టారు. అతను పరుగులు తీయగలిగినా తీయడు. ఒక్క స్వరాన్ని పట్టుకుని, తీగను పక్కకు లాగి, ఊపి ఊపి వదిలితే వినేవాళ్ళు కళ్ళు తుడుచుకోవాల్సిందే. ఇద్దరూ ఒకే బ్యాండులో పెరిగారు. ఆ బ్యాండు దేనికి విడిపోయిందయ్యా అంటే, డబ్బు దగ్గరా కాదు, పేరు దగ్గరా కాదు, గిటారు మోత పెంచే యాంపు మీది వాల్యూమ్ నాబు దగ్గర. ఒకడు పెంచితే రెండోవాడు పెంచేవాడు. పెంచడం పిడుగు మొదలుపెట్టేవాడు, ఆపడం ఎవరూ చేసేవారు కాదు. మధ్యలో పాడేవాడికి తన గొంతు తనకే వినబడక ఒకరోజు మైకు పక్కన పెట్టి వేదిక దిగి పోయాడు. మళ్ళీ రాలేదు.

ఇన్నేళ్ళకు బావా బావమరుదులు కలిసి ఒక రికార్డు చేస్తున్నారు. పాడేవాడెవరూ లేరు, ఉత్త గిటార్లే. అయినా ఉప్పునూ నిప్పునూ ఒక గదిలో పెట్టకూడదని విడివిడిగా వాయించినవి కలిపే మిక్సింగ్ మాస్టారు ముందే ఒక పద్ధతి పెట్టాడు. పొద్దున పిడుగు వచ్చి వాయించి పోవాలి. మధ్యాహ్నం ఊయల వచ్చి, హెడ్‌ఫోన్లలో బావ వాయించింది వింటూ దానికి జవాబు వాయించాలి. మర్నాడు ఆ జవాబుకు పిడుగు జవాబు. ఉత్తరాలు రాసుకున్నట్టు రికార్డు నడిచింది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు కాబట్టి గొడవ కూడా రాలేదు.

ఆ రికార్డులో మూడోది పిడుగుకు ప్రాణం. ఎందుకో చెప్పాలంటే వేలి సంగతి చెప్పాలి. అతని ఎడమ చేతి ఉంగరపు వేలు కొంతకాలంగా మాట వినడం మానేసింది. వంగమంటే వంగదు, వంగితే లేవదు. నొప్పి తగ్గించగలను గాని పోయిన వేగం తేలేనన్నాడు డాక్టరు. ఇంకో రికార్డు ఉండదని పిడుగుకు తెలుసు. ఆ వేలు పూర్తిగా మొరాయించేలోగా తన చేత్తో తను వాయించింది ఒక్కటైనా మిగిలిపోవాలి. అంతకు మించి అతనికి కోరికేమీ లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. సీసా మూత తీయలేకపోవడం చూసి భార్య మాత్రం పసిగట్టింది.

మూడో పాట మధ్యలో పెద్ద పరుగు ఒకటుంది. దాన్ని ఎన్నిసార్లు వాయించినా వేలు ఒకేచోట ఇరుక్కుపోయింది. చివరికి మాస్టారు, “చాలు ఆపండి, మంచి ముక్కలు ఏరి నేను అతుకుతాను,” అన్నాడు. ఆ అతుకుల పాట ఇంటికొచ్చినప్పుడు పిడుగు విని నమ్మలేకపోయాడు. ఎక్కడా తడబాటు లేదు, పాతికేళ్ళ వయసులో తనే. పోతూ పోతూ వేలు తన రుణం తీర్చుకుందని స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాడు కూడా. అప్పటినుంచీ రోజూ కాఫీతో పాటు అదే వింటున్నాడు.

అలాంటిదాన్ని పట్టుకుని ఈవిడ తమ్ముడిదంటోంది.

“ఇదిగో, ఇప్పుడు చివర వస్తుంది వినండి,” అంది ఆవిడ. “ఇక్కడ కుడి పక్క మీరు.”

పిడుగు చెయ్యి చాచి పాట ఆపేశాడు. ఎందుకంటే అది నిజం.

పాట చివర ఊయల పైకి లాగిన స్వరాలు శ్రుతి అందుకోలేదు. తీగ లాగడంలో మొనగాడైనవాడి స్వరాలే కిందికి జారిపోవడం వినలేక పిడుగు ఒకనాడు ఎవరికీ చెప్పకుండా స్టూడియోకు వెళ్ళాడు. మాస్టారిని బతిమాలి, ఆ స్వరాలను అచ్చం బావమరిదిలా ఊపి ఊపి తనే వాయించి, పాతవి తీయించేశాడు. చచ్చినా చెప్పకూడదని మాస్టారితో ఒట్టు వేయించుకున్నాడు. బావమరిది పరువు కాపాడానని లోలోపల పొంగిపోయాడు కూడా.

“నీకెలా తెలిసింది?” అన్నాడు.

“తెలియకపోవడానికేముంది? ఇద్దరి సాధనలూ ఈ చెవులతోనే కదా విన్నాను. వాడు ఎత్తుకునే ముందు ఒక్క క్షణం ఆగుతాడు, నీళ్ళలోకి దూకేవాడిలా. మీరు ఆగరు. మాటలోనే ఆగరు, గిటారు మీద ఆగుతారా? అయినా ఒకరిది ఒకరు మార్చుకుని వాయించడం బాగుంది. ఇన్నాళ్ళకి మీకో సరదా పుట్టింది.”

ఆవిడ నవ్వుతూ దుప్పట్లు తీసుకుని లోపలికి వెళ్ళింది. కుడి పక్క దొంగను ఇంత సులువుగా పట్టుకున్న మనిషి ఎడమ పక్క ఎలా పొరబడుతుంది?

చెప్పులు ఒకటి తనదీ ఒకటి ఆవిడదీ వేసుకుని పిడుగు వీధిలో పడ్డాడు. మలుపు దాకా వెళ్ళాక చూసుకున్నాడు గాని వెనక్కి తిరగలేదు.

స్టూడియో ఒక టైర్ల కొట్టు మీద ఉంది. కింద గాలి కొట్టే మిషను మోగినప్పుడల్లా పైన రికార్డింగు ఆపుకోవాలి. పిడుగు మెట్లెక్కేసరికి మాస్టారు టిఫిను డబ్బా కడుక్కుంటున్నాడు. అతని మొహం చూడగానే చేతిలో డబ్బా జారింది.

“మూడో పాట పెట్టండి. ఎడమ పక్క ఒక్కటే.”

“ఎందుకండీ ఇప్పుడు...”

“పెట్టండి మాస్టారూ.”

గదిలో పరుగు ఒంటరిగా మోగింది. ప్రతిసారీ ఎత్తుకునే ముందు, చెబితే గాని తెలియనంత చిన్న ఆగుడు. నీళ్ళలోకి దూకేవాడి ఆగుడు. ఒకసారి విన్నాక ఇక దాన్ని వినకుండా ఉండటం పిడుగు వల్ల కాలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇన్ని రోజులూ కాఫీ తాగుతూ మురిసిపోయింది తన వేలిని చూసి కాదు. కుళాయి తిప్పుకుని ఏడ్చింది తన కోసం కాదు.

“మీ బావమరిదీ ఒట్టు వేయించుకున్నారు, మీరూ వేయించుకున్నారు,” అన్నాడు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ. “మధ్యన నేను నలిగి చచ్చానండి.”

“నా వేలి సంగతి వాడికెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. హెడ్‌ఫోన్లలో విన్నారు. ఆ రోజు చాలాసేపు ఏమీ వాయించలేదు, ఊరికే కూర్చున్నారు.”

అప్పుడే మధ్యాహ్నం వంతుకు ఊయల వచ్చాడు, భుజాన గిటారుతో. గదిలో మోగుతున్నది విని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“ఏరా, ఇది నువ్వేనా?” అన్నాడు పిడుగు.

ఊయల తల పక్కకు తిప్పి, “ఏంటి బావా?” అన్నాడు.

“ఇది నువ్వేనా అంటున్నాను. నా వేలు పోయిందని జాలిపడ్డావా? నాకు మిగిలిందే ఈ ఒక్క రికార్డు. దాంట్లో నేను లేను. నన్ను నా పాటలోంచే గెంటేశావు కదరా.”

ఊయల భుజాన ఉన్న గిటారు దించాడు. “నీ పేరు చెడకూడదనుకున్నాను బావా. ఇంకేం లేదు.”

బావ బాగు కోరేది బావమరిదే అంటారు. ఇంత బాగు ఎవడు కోరమన్నాడని తిట్టడానికి పిడుగు నోరు తెరిచాడు. మాస్టారు చిన్నగా దగ్గాడు. తేలు కుట్టిన దొంగ అరవగలడా?

“పాట చివర వచ్చే నీ స్వరాలు కూడా నువ్వు వాయించినవి కావు,” అన్నాడు పిడుగు, నేల చూస్తూ. “నేను వాయించాను.”

“ఎందుకు?”

“శ్రుతి తప్పాయిరా.”

“తప్పలేదే,” అన్నాడు ఊయల.

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అర్థం కాలేదు అతనికి. మాస్టారు దాచి ఉంచిన పాత ముక్క పెట్టాడు. స్వరం పైకి లేచి, చేరాల్సిన చోటికి చేరకుండా కిందే వేలాడింది. సంగీతం తెలియనివాడికైనా పళ్ళు జివ్వుమంటాయి.

“బాగానే ఉంది కదా,” అన్నాడు ఊయల.

అతను బావ మొహం చూశాడు, మాస్టారి మొహం చూశాడు. నెమ్మదిగా కుడి చెవి అరచేత్తో మూసుకుని, “మళ్ళీ పెట్టండి,” అన్నాడు. ఎడమ చెవి ఒక్కదానితో విన్నాడు. వింటుంటే అతని మొహంలో వచ్చిన మార్పు చూడలేక పిడుగు కిటికీ వైపు తిరిగాడు.

“కుడి చెవిలో హోరుంటుందని తెలుసు,” అన్నాడు ఊయల. “ఇలా ఒకటి విని ఇంకోటి అనుకుంటున్నానని తెలియదు.” ఏదో లెక్క అప్పుడే కుదిరినట్టు అన్నాడు: “వేదిక మీద నీ యాంపు ఎప్పుడూ నాకు కుడి పక్కే ఉండేది బావా.”

తప్పుపట్టలేదు, నిష్ఠూరమాడలేదు, ఊరికే అన్నాడు. తను పెంచిన నాబు, పెంచి గెలిచాననుకున్న ప్రతి సాయంత్రం, దాని ముందు తల పక్కకు వంచి నిలబడ్డ బావమరిది, అన్నీ ఒక్కసారిగా పిడుగు కళ్ళముందుకొచ్చాయి. పిలిస్తే తల పక్కకు తిప్పి “ఏంటి బావా” అనడం పొగరనుకున్నాడు ఇన్నాళ్ళూ. తన వేలు పోయిందని ఏడ్చాడే గాని, వీడి చెవి తనే తినేశాడు. అతనికి ఏడుపు కూడా రాలేదు. అంత సిగ్గేసింది.

“రెండూ తీసేయండి మాస్టారూ,” అన్నాడు. “ఇద్దరం ఒకే గదిలో కూర్చుని వాయిస్తాం.”

“ఒకే గదిలో అయితే ఒకరి మోత ఇంకొకరి మైకులో పడుతుందండి. తర్వాత ఎవరిదీ విడదీసి దిద్దడానికి కుదరదు.”

“అందుకే.”

ఊయల ఏమంటాడోనని ఇద్దరూ చూశారు. అతను గిటారు సంచి జిప్పు తీశాడు.

కుర్చీలు వేసుకుంటే అలవాటు కొద్దీ పాత వేదిక మీది పక్కలే వచ్చాయి. పిడుగు కూర్చోబోతూ ఆగి, యాంపు దగ్గరికి వంగి, జీవితంలో మొదటిసారి ఎవరూ అడక్కుండా నాబు తగ్గించాడు. బాగా తగ్గించాడు. రెండు చరణాలు నడిచాక ఊయల చెయ్యి ఆపాడు.

“పెంచు బావా, నువ్వు వినబడటం లేదు.”

పిడుగు నాబు మీద చెయ్యి వేశాడు. పెంచలేకపోయాడు. లేచి, యాంపును రెండు చేతులా ఎత్తి, రొప్పుతూ తీసుకెళ్ళి బావమరిదికి ఎడమ పక్కన పెట్టాడు. వైరు అందకపోతే మాస్టారు పొడుగు వైరు తెచ్చాడు. కుర్చీ కూడా లాక్కుని అక్కడే కూర్చున్నాడు.

“ఇప్పుడు?”

“ఇప్పుడు వినబడుతున్నావు.”

“మరి రికార్డులో ఎడమ ఎవరు, కుడి ఎవరండీ?” అన్నాడు మాస్టారు అద్దం అవతల నుంచి.

“ఎలాగైనా పెట్టండి. మా ఆవిడ చెబుతుంది,” అన్నాడు పిడుగు.

మళ్ళీ మొదలుపెట్టారు. పరుగు వచ్చింది. వేలు ఎప్పటి చోటే ఇరుక్కుంది. ఇన్నాళ్ళూ అయితే మాస్టారు ఆపేవాడు, పిడుగు తిట్టుకునేవాడు. ఈసారి ఊయల తన స్వరాన్ని వదలకుండా పట్టుకుని, ఊపుతూ, వేలు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. ఆ స్వరం రవ్వంత కిందికి ఉంది. పిడుగు విన్నాడు. కింద టైర్ల కొట్టులో గాలి మిషను మోగడం మొదలైంది. ఎవరూ ఆపలేదు.