తలకిందుల సముద్రం

నేను ఒక సమాధిని. చూసేవాళ్ళకు మాత్రం రాయిని.

ఇప్పుడు వేంపల్లె అంటున్న చోట ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం ఉండేది. అప్పటికి చేప లేదు, చెట్టు లేదు, దేనికైనా పేరు పెట్టడానికి మనిషీ లేడు. నీటి అడుగున పచ్చటి జిగురులా పరుచుకున్న, కంటికి ఆనని ప్రాణులు మాత్రం ఉండేవి. వాటి మీద బురద వాలేది. ఎండ కోసం అవి ఆ బురదలోంచి పైకి పాకి మళ్ళీ పరుచుకునేవి. పాకలేనివి కిందే చచ్చిపోయేవి. అలా పొర మీద పొరగా, బోర్లించిన గిన్నెల్లా ఉబ్బుతూ నేను పెరిగాను. నా పక్కలు చూస్తే కోసిన క్యాబేజీలా ఉంటాయి. ప్రతి పొరలోనూ వెలుతురు వైపు తిరిగి ఆగిపోయినవాళ్ళున్నారు. వాళ్ళు ఇంకా నిద్రపోలేదు.

క్వారీలో నన్ను బయటికి తీసిన ఓబులేసుకు ఇదంతా పట్టలేదు. కడప బండ అంటే నల్లగా పలకలా లేవాలి, వంటింటి గట్టుకు పనికిరావాలి. నా వంకర పొరలు చూసి, ఇదేం రోగమొచ్చిన రాయి అని పక్కకు తోశాడు. మార్తమ్మ అడిగితే ఊరికే ఇచ్చేశాడు. ఆమె నన్ను వాకిట్లో కాళ్ళు కడుక్కునే రాయిగా వేయించింది. ఉబ్బులున్న వైపు పాదాలకు గుచ్చుకుంటుందని దాన్ని నేలలోకి దించి, చదునైన అడుగును పైకి పెట్టారు.

ఆ రోజు నుంచి నా వాళ్ళందరూ తలకిందులుగా వేలాడారు. వాన పడి చుట్టూ నీళ్ళు నిలిచినప్పుడల్లా సముద్రం తిరిగొచ్చిందనుకుని లోపల కదిలేవారు. ఎటు పాకాలో తెలిసేది కాదు.

మార్తమ్మ కొడుకు జెకర్యా పెళ్ళిళ్ళకు, చర్చి సభలకు వీడియోలు తీసేవాడు. అతన్ని చేసుకున్న హెప్సిబా ఆ ఇంట్లోకి అడుగుపెట్టే ముందు నా మీదే కాళ్ళు కడుక్కుంది. కడుక్కుంటూ వంగింది, వంగి అలాగే కూర్చుండిపోయింది. తెల్ల పట్టుచీర అంచు బురదలో పడింది. గోరింటాకు వేళ్ళతో నా పక్కల పొరల్ని తడిమింది. ఆమె జియాలజీలో డిగ్రీ చదివింది.

“అత్తమ్మా, దీని మీద కాళ్ళు కడుక్కుంటారా?”

“చేతులు కూడా కడుక్కోవచ్చు. లోపలికి రా తల్లీ” అంది మార్తమ్మ.

తర్వాత కొన్నాళ్ళు నాకు పండగే. భార్యాభర్తలు పొద్దున్నే వచ్చి నా మీద ఇరుక్కుని కూర్చుని ఒకే గ్లాసులో టీ తాగేవారు. చివరి గుక్క నీదంటే నీదని పోట్లాడుకునేలోగా అది చల్లారిపోయేది. ఇంత చిన్న ఆయుష్షులో మనుషులకు అంత తీరిక ఎలా దొరుకుతుందో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ మురిపెమే నన్ను పట్టించింది. చర్చి నడిపే హైస్కూలు పిల్లల కోసం వీడియోలు తీసే పని జెకర్యాకు దొరికింది. భూమి వయసు కొన్ని వేల ఏళ్ళేననీ, రాళ్ళన్నీ నోవహు కాలపు జలప్రళయంలోనే పేరుకున్నాయనీ వాటిలో చెప్పాలి. అతనికది పని మాత్రమే కాదు, చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం. డిగ్రీ చదివిన హెప్సిబా మాట్లాడితే పిల్లలు వింటారని స్కూలువాళ్ళు అంటే, ఆమెను అడక్కుండానే సరేనన్నాడు. చూపించడానికి ఆమె ముచ్చటపడిన రాయి ఉండనే ఉంది.

నన్ను పెకలించి, కడిగి, నల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెట్టారు, అలవాటైన వైపే, తలకిందులుగా. పక్కన గాజు సీసాలో ఇసుక, మట్టి, నీళ్ళు. జెకర్యా దాన్ని గిలకరించి పెడితే కాసేపటికి పొరలు తేలాయి. ప్రళయంలో ఇలాగే జరిగింది, సుడులు తిరిగిన నీళ్ళు గుంటలు తొలిచి బురదతో నింపాయి, అని ఆమె చెప్పాలి. తిరగబడిన నా ఉబ్బులు కెమెరాకు అచ్చం గుంటల్లాగే కనిపిస్తున్నాయి.

హెప్సిబా సీసాను చూసింది, నన్ను చూసింది.

“ఏమండీ, ఈ రాయి తలకిందులుగా ఉంది.”

“ఉంటే ఏంది? ఎట్ల పెట్టినా రాయే కదా.”

“సీసాలో మట్టి చదునుగా దిగింది. ఇవి ఉబ్బుకుంటూ పైకి పోయినాయి. దిగినవి కావండీ, బతికి పెరిగినవి. నేనా మాట చెప్పలేను.”

కెమెరా వెనక అతని ముఖం కనిపించలేదు. “అంటే దేవుని వాక్యం అబద్ధమంటావా హెప్సీ?”

“అట్ల అనలేదు. ఈ రాయిని చేసింది కూడా ఆయనే కదా. దాని చేత అబద్ధం చెప్పించొద్దంటున్నా.”

వీడియో ఆగలేదు. జెకర్యా తన గొంతే పెట్టాడు. మర్నాటి నుంచి టీ రెండు గ్లాసుల్లోకి వచ్చింది.

స్కూల్లో వీడియో వేసే రోజు, రాయిని కూడా తెమ్మని హెడ్మాస్టరు గారు కబురు పెట్టారు. పిల్లలింకా రాలేదు. హెప్సిబా వెనక బెంచీలో ఒక్కతే కూర్చుంది. జెకర్యా నన్ను మోసుకొచ్చి బల్ల దగ్గర ఆగాడు. నా ఉబ్బులు అతని వేళ్ళకు తగిలాయి. ఆ వేళ్ళు ఒక్కోదాన్నీ నెమ్మదిగా తడిమాయి. నన్ను తిప్పి, ఉబ్బులు పైకి వచ్చేలా పెట్టాడు.

నా లోపల ఎవరూ కదల్లేదు. నమ్మడానికి భయపడ్డారేమో.

పిల్లలొచ్చి కూర్చున్నాక లైట్లు తీసేశారు. తెర మీదికి నా దయ్యం వచ్చింది. తలకిందులుగా వేలాడుతూ, జెకర్యా గొంతుతో, నేను ఒకే ఒక్క వరదలో పుట్టానని చెప్పుకుంటోంది. వీడియో అయ్యాక పదో తరగతి అమ్మాయి ఒకతె లేచింది.

“సార్, దాంట్లో రాయి ఒక రకంగా ఉండాది, ఇక్కడ ఇంకో రకంగా ఉండాది. ఏది సరైంది?”

జెకర్యా హెడ్మాస్టరు గారిని చూడలేదు. వెనక బెంచీ వంక చూశాడు. “నాకు తెల్దమ్మా. అది చదువుకున్నది ఆమె. ఆమెనడుగు.”

హెప్సిబా నడిచి వచ్చి నా మీద చెయ్యి వేసింది. గోరింటాకు గోళ్ళ చివర్లకు జరిగిపోయింది. ఆ పాత సముద్రం దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టింది. హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకున్నారు గాని ఆపలేదు. ఆ తర్వాత ఆయన వాళ్ళిద్దరికీ తెప్పించిన రెండు గ్లాసుల టీలో ఒకటి ముట్టకుండానే మిగిలిపోయింది.

ఇప్పుడు నేను ఆ స్కూల్లో అద్దాల బీరువాలో ఉన్నాను, తల పైకెత్తి. ఆ వీడియో ఇంకా వేస్తూనే ఉంటారు. గోడ అవతల నా దయ్యం ఆ పాత మాటే చెబుతూ వేలాడుతుంటుంది. కిటికీలోంచి పొద్దుటి ఎండ అద్దం మీద పడినప్పుడు మాత్రం, నాలో ఎవరో నెమ్మదిగా పైకి పాకుతారు.