వెనకవైపు చూడని కాగితం

"ఏమే తిర్జా, దేవుడి పేరునే కత్తిరించావా?"

శుక్రవారం సాయంత్రం. దీపాలు వెలిగించి, చేపల కూర గిన్నె పట్టుకుని ముందుగదిలోకి వస్తున్నాను. అత్తగారు ఫోర్తునా చేతిలో నా కాగితం ముక్కలు రెండు. బల్ల చుట్టూ అతిథులు. నా ముఖం మాడిపోయింది.

పాత యెరూషలేము పటాలూ, చిరిగిన ప్రార్థన పుస్తకాల కాగితాలూ కత్తిరించి బొమ్మలుగా అతికిస్తాను నేను. ఆదివారం మధ్యాహ్నం నా మొదటి ప్రదర్శన. దేవుడి పేరున్న కాగితాన్ని యూదులం మేం కోయకూడదు, పారేయకూడదు. చిరిగిపోతే మనిషిని పూడ్చినట్టే పూడ్చాలి. అందుకే పేరు లేని కాగితాలే ఏరుకుంటాను. ఈసారి ముందువైపు చూశాను, వెనక్కి తిప్పలేదు. ఇంటిల్లిపాదికీ పొయ్యి మీద వంట పెట్టుకుని, మధ్యలో కత్తెర పట్టుకుంటే ఇలాగే తగలడుతుంది. అయినా సిగ్గేసింది, నిజంగా సిగ్గేసింది. ఆ పేరు నా దేవుడిది కూడా కదా.

మా ఆయన ఎల్కానా ఇందాకే గుణవతి ఇల్లాలి పాట పాడాడు. ప్రతి శుక్రవారం నన్ను పొగిడే పాట అది, నేను గిన్నెలు మోస్తుండగా. "చెబితే వినదమ్మా! చిన్నపిల్లలా కాగితాలతో ఆటలు. పరువు తీసింది," అన్నాడు. "ఆదివారం పొద్దున్నే పాత పుస్తకాలు పూడుస్తున్నారు. నీ బొమ్మలన్నీ ఆ గోతిలో వేసెయ్."

"అలాగే," అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది.

"ఇంతకీ ఏ ప్రార్థన అది?" అంది రబ్బీ గారి భార్య యోఖెవెద్.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, ముక్కలు రెండూ జతచేసి గట్టిగా చదివింది. "నన్ను ఆడదానిగా పుట్టించని దేవా, నీకు స్తోత్రం."

మగవాళ్ళు రోజూ పొద్దున చెప్పుకునేదే. ఆవిడ పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నదే. తన నోటితో అనడం మాత్రం ఇదే మొదటిసారి. ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

"చదివావుగా, ఇక పెట్టెయ్యమ్మా," అన్నాడు ఎల్కానా, రొట్టె తుంచుతూ.

ఆవిడ కళ్ళజోడు తీసి, ముక్కలు నా చేతిలో పెట్టింది. "కూర చల్లారిపోతోంది, కూర్చోవే," అంది. ఎప్పుడూ అలా అనలేదు.

ఆదివారం ఆ గోతిలో ఆ ఒక్క కాగితమే వేశాను. బొమ్మలన్నీ ప్రదర్శనకి మోసుకెళ్ళాను. మట్టి కప్పుతూ ఆ పేరుకి క్షమాపణ చెప్పుకున్నాను. ఆ వాక్యానికి చెప్పలేదు.