కణుజు కోసం తూటా

మొగిలయ్య ఆవకాయ సీసా మూత తిప్పి, లోపలి తూటాలను గుడ్డ మీద ఒంపాడు. అన్నీ పేల్చినవే. జింకల ఒంట్లోంచి తీసిన వాటిలో కొన్ని కుక్కగొడుగుల్లా విచ్చుకున్నాయి, కొన్ని తుక్కయ్యాయి. ఒకటి మాత్రం జింక ఒంట్లోంచి దూసుకుపోయి చెట్టులో దిగబడిందట, ఇంకా నున్నగా ఉంది. మన దేశానికి సముద్రాల అవతల, లోవర్ హట్‌లోని ఆయన పనిచేసే తుపాకుల దుకాణంలో కొత్త తూటాలు ఎవరైనా అమ్ముతారు. వేటగాళ్ళు పాతవి తెచ్చిచ్చేది మాత్రం మొగిలయ్యకే. తూటా ఏం పని చేసిందో వేలితో తడిమితేగాని ఆయనకు తోచదు.

అది 2006 చలికాలం. పొగమంచు కొండ దిగివచ్చి రైలు పట్టాలను మింగేసింది. ఇలాంటి పొద్దుల్లో మొగిలయ్య చేతులు దుకాణంలోనే ఉంటాయి గాని, మనిషి ఉండడు. మళ్ళీ పిల్లవాడై, కవ్వాల్ అడవిలో ఫారెస్ట్ గార్డు అయిన తండ్రి వెనకాల నడుస్తుంటాడు. అక్కడ ఎవరో దొంగచాటుగా కాల్చిన కణుజు, పెద్ద కొమ్ముల జింక ఒకటి, కడుపులో తూటాతో, వాగు ఒడ్డున పొద్దుగూకేదాకా మూలిగింది. తుపాకులు అమ్మే మనిషి ఏనాడూ వేటకు పోడని అందరికీ వేళాకోళం. పాపం, ఆయనకు తుపాకీ అంటే భయం లేదు. ఆ మూలుగు మళ్ళీ వినాల్సి వస్తుందనే భయం.

తలుపు గంట మోగింది. రిటైరైన రైలు డ్రైవరు గ్రేమ్, చేతులు రుద్దుకుంటూ లోపలికి వచ్చాడు. మొగిలయ్యను అతను మాగ్ అంటాడు.

"మాగ్, శనివారం మనవాటు జిల్లా పైన్ తోపుల్లోకి పోతున్నా. సాంబర్ కోసం."

సాంబర్ అంటే కణుజే. ఎప్పుడో దొరలు ఓడలో తెచ్చి ఈ దేశంలో వదిలారట. తనలాగే అంత దూరం నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్న ఆ జంతువంటే మొగిలయ్యకు చెప్పలేని ప్రేమ.

"ఏ రైఫిల్?"

"త్రీ సెవంటీ ఫైవ్. సాలిడ్ తూటాలు ఇవ్వు, విచ్చుకోని గట్టివి. పోయినసారి మెత్తది భుజం ఎముకకే తుక్కుతుక్కయింది."

మొగిలయ్య ఆ నున్నటి తూటాను అతని అరచేతిలో పెట్టాడు. "సాలిడ్ ఏనుగులకు గ్రేమ్. కణుజుకు సన్నటి బొక్క పెట్టి పోతుంది. అది పరుగెత్తి ఏ పొదలోనో నరకం చూస్తుంది. నీ ఇంకో రైఫిల్, ఫార్టీ ఫైవ్ సెవంటీ పట్టుకుపో. తూటా నిదానమే గాని పెద్దది. దగ్గరికెళ్ళి కొట్టు."

"దగ్గరికి పాకడానికి మోకాళ్ళెక్కడివయ్యా!"

ఇద్దరూ నవ్వారు. అయితే త్రీ సెవంటీ ఫైవ్‌కే ఈ రకం వాడమని మొగిలయ్య విచ్చుకున్న తూటా ఒకటి ఏరి ఇచ్చాడు. ముక్కు మెత్తన, నడుము గట్టి. విచ్చుకుంటుంది, ముక్కలవదు. గ్రేమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పట్టుదలగల మనిషి, అంత సులువుగా ఒప్పుకోడు. చివరికి తలూపాడు.

"సరే, ఈ రకం కొత్తవే పెట్టు. కానీ తూటా ఎంచినవాడు వచ్చి చూడాలి. ఏళ్ళ తరబడి పిలుస్తున్నా. ఈసారైనా వస్తావా?"

మొగిలయ్య తూటాలను సీసాలో వేశాడు.

"సాయంత్రం వస్తాలే, అప్పుడు చెప్పు," అని గ్రేమ్ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భార్య పార్వతి ఫోన్ చేసింది. "అన్నం తిన్నవా? ఏందయ్యా, గొంతులో నవ్వున్నది ఇయ్యాల?"

"ఏం లేదు పార్వతీ. కణుజు యాదికొచ్చింది."

"నీకు అది యాదికిరాని రోజేది!" అని నవ్వి పెట్టేసిందామె.

టీ కప్పు పట్టుకుని హీటర్ పక్క స్టూలు మీద కూర్చున్నాడు. పొగమంచు తలుపు సందులోంచి వచ్చినట్టనిపించింది. పైన్ చెట్లు మెల్లగా టేకు చెట్లయ్యాయి. వాటి నడుమ కణుజు నిలబడి చెవులు ఇటు తిప్పింది. ఒంటి మీద గాయం లేదు. ఎక్కడా మూలుగు లేదు. మొగిలయ్యకు ప్రాణం ఎంత తేలికపడిందో! పిలవాలనుకున్నాడు గాని, బెదిరిపోతుందేమోనని ఊరుకున్నాడు.

కునుకు తీస్తున్నాడేమో అనుకుంది దుకాణం యజమాని లిండా. లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది.

సాయంత్రం గ్రేమ్ వచ్చేసరికి ఆంబులెన్సు మొగిలయ్యను తీసుకెళ్ళిపోయింది. అతను టోపీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "ఏం చెబుతాడోనని దారంతా అనుకుంటూ వచ్చాను," అన్నాడు.

లిండా కౌంటర్ కింద నుంచి ఒక అట్టపెట్టె తీసి అతని ముందు పెట్టింది. "టీకి ముందు కొన్నాడు. సైజు సరిపోయిందా అని నా చేత కాలి బొటనవేలు నొక్కించాడు."

పెట్టెలో కొత్త అడవి బూట్లు. ఒకదానికి లేసు సగం దాకా ఎక్కించి ఉంది. మిగతా సగం అంచు మీంచి కిందికి వేలాడుతోంది.