గంజి పట్టిన తెరచాప

వనపర్తి పట్నపు తోటలో ఒక కొలను ఉందని, అందులో వదిలే చిన్న తెరచాప పడవల్ని చూడటానికి ఊళ్ళవాళ్ళు బళ్ళు కట్టుకొని వస్తారని గద్వాల బట్టల వర్తకుడు రామచంద్రయ్య చాలా ఏళ్ళుగా వింటున్నాడు. అయినా పని లేని చోటికి పోయి పొద్దు పోగొట్టుకునే మనిషి కాడు. దసరాకు సంస్థానం కొనే బట్టల బేరం ఆ తోట మీది అధికారి దారోగా చేతిలోనే ఉందని తెలిశాక బండెక్కాడు.

కొలను గట్టున దారోగా పక్కనే రామచంద్రయ్యకు చాప వేశారు. పడవలు గాలికి ఒరుగుతూ పోతుంటే రామచంద్రయ్యకు నిజంగానే సంతోషమైంది. అప్పుడు జాఫర్ కనిపించాడు.

జాఫర్ గద్వాలలో బండి చక్రాలు చేసే వడ్రంగి. మోకాలు చెడి బరువు పని చేయలేకపోతున్నాడు. తోటలో పడవలు చేసే కొలువు ఖాళీగా ఉంది. అతని పడవ కొలను దాటితే ఆ కొలువు అతనిది. తెరచాపకు గుడ్డ కొన్నది రామచంద్రయ్య దుకాణంలోనే. గాలికి ఆగే గుడ్డ కావాలని అతను అడిగితే, తానే చెవి దగ్గర ఫెళఫెళలాడించి మరీ అమ్మాడు.

ఆ చప్పుడు గంజిది. పలచని నేతకు చిక్కటి గంజి పట్టిస్తే దళసరిగా కనిపిస్తుంది. బజారులో అందరూ చేసేదే. నీళ్ళు తగిలేది కొన్నవాళ్ళ ఇంట్లో కాబట్టి, ముప్పై ఏళ్ళలో తన గుడ్డ తడవడం రామచంద్రయ్య ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు చూశాడు. పడవ సగం కొలను చక్కగా పోయింది. ఒక గాలి విసురుకు ఒరిగి, తెరచాప మునిగి లేచింది. లేచాక అది వడకట్టే గుడ్డలా వేలాడింది. పడవ నడినీళ్ళలో నిలిచిపోయింది. గట్టున జనం నవ్వారు.

దారోగా ఇటు తిరిగాడు. "గుడ్డ మీ దుకాణంల కొన్నడంట గద. మంచిదేనా?"

నిజం చెబితే జాఫర్‌కు ఇంకో గుడ్డతో ఇంకో అవకాశం. తనకు దసరా బేరం పోతుంది. లెక్క తేలేలోపే జాఫర్ అందుకున్నాడు.

"గుడ్డకేం సర్కార్, సేటు మంచిదే ఇచ్చిండు. నేనే సరిగ కట్టలే."

రామచంద్రయ్య తల ఊపాడు. వేరే వడ్రంగిని చూస్తామని చెప్పి దారోగా తోట దర్వాజా వైపు నడిచాడు.

జాఫర్ నడుము లోతు నీళ్ళలో దిగి పడవ తెచ్చుకున్నాడు. కుంటుతూ గట్టెక్కుతుంటే రామచంద్రయ్య చేయందించాడు. తడి గుడ్డ జిగట వేళ్ళకు అంటింది. ఇక ఆగలేక గొంతు తగ్గించి గంజి సంగతి చెప్పేశాడు.

జాఫర్ తెరచాపను పిండాడు. తెల్లటి నీళ్ళు కారాయి.

"గీ మాట జర ముందు చెప్తే నాకు పనికొస్తుండె సేటూ. ఇప్పుడు మీ మనసు తేలికయ్యెటందుకే పనికొస్తది."

ఏ మాట ఎవరికి లాభమో రామచంద్రయ్యకు ఒకరు చెప్పనక్కర్లేదు. దారోగా దర్వాజా దగ్గర ఆకు వేసుకుంటూ ఇంకా నిలబడే ఉన్నాడు. పిలిస్తే వినబడే దూరం. జాఫర్ అటు చూశాడు, తర్వాత ఈయన వైపు చూశాడు.

అంతలో దారోగాయే చెయ్యెత్తి, దసరా సరుకు ఎప్పుడు చూపిస్తారని అడిగాడు.

"రేపే పంపుత" అన్నాడు రామచంద్రయ్య. జాఫర్ పక్కనే ఉన్నాడు.